లెక్కకు రాని పొగ

గాలిని అమ్ముకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే! ఆఫీసక్క మొదట అలాగే అనుకుంది. ఇల్లు అమ్ముకున్నవాళ్ళను ఆమె చూసింది, ఒంటిమీది నగలు అమ్ముకున్నవాళ్ళను చూసింది, పరువు అమ్ముకున్నవాళ్ళకైతే ఊళ్ళో కొదవే లేదు. చిమ్నీలోంచి బయటికి రాని పొగను అమ్ముకోవచ్చని చెప్పే మనిషిని మాత్రం అదే మొదటిసారి చూడటం.

“రాని పొగేనక్కా అమ్మేది. వచ్చిన పొగ ఎవడిక్కావాలి?” అన్నాడు దళారి, ఆమె ఇచ్చిన టీ ఊదుకుంటూ. “ఈ చుట్టుపక్కల గాలి ఇప్పటికే పాడైపోయింది. అందుకని కొత్తగా ఎవడైనా చిమ్నీ లేపాలంటే, ఉన్న చిమ్నీల్లో ఎవరో ఒకరు అంత పొగ తగ్గించాలి. తగ్గించినవాళ్ళకి కాలుష్యం కొలిచే గాలి ఆఫీసు అంత పొగకి లెక్కగట్టి క్రెడిట్లని కాగితాలిస్తుంది. కొత్తవాడు ఆ క్రెడిట్లు కొనుక్కుంటేనే వాడికి అగ్గిపుల్ల గీసే హక్కు. నిండిపోయిన బస్సు లాంటిదనుకోండి. ఒకరు దిగితేనే ఇంకొకరికి సీటు.”

“మేం దిగకుండా సీటు అమ్ముకోలేమా?”

“ఎందుకమ్ముకోలేరు? కాస్త ముడుచుకుని కూర్చుంటే చాలు. పొగ తగ్గించండి, కొలిమి నడుపుకోండి, తగ్గించినంత వరకూ అమ్ముకోండి. ఊరవతల పెద్ద సీసాల కంపెనీ వస్తోంది. వాళ్ళు క్రెడిట్ల కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు.”

ఆఫీసక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆమెదీ వాళ్ళన్నయ్యదీ కూడా సీసాల కార్ఖానాయే, కాకపోతే తాతలనాటిది, చిన్నది. తండ్రి పోయాక బిల్లులూ బ్యాంకులూ బేరాలూ ఆమె నెత్తిన పడ్డాయి, కొలిమి అన్నయ్య చేతికి వచ్చింది. మొగుడు లారీ ఎక్కి ఊళ్ళు తిరుగుతుంటాడు గనుక ఆమె పొద్దున్నే వచ్చి పొద్దుగూకేదాకా ఆఫీసు గదిలోనే ఉంటుంది. అందుకే పనివాళ్ళకు ఆఫీసక్క అయింది. అన్నయ్యను అందరూ మంటయ్య అంటారు. మంట దగ్గర్నుంచి కదలడని ఆ పేరు పెట్టారు గానీ మనిషి మంచుముద్ద. ఎవరేమన్నా నవ్వుతాడు, నవ్వకూడని చోట కూడా.

గాజు కొలిమి వంటింటి పొయ్యి కాదు, అవసరమైనప్పుడు వెలిగించి అక్కర్లేనప్పుడు ఆర్పడానికి. ఒకసారి వెలిగిస్తే పగలూ రాత్రీ ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. వీళ్ళ కొలిమి పైకప్పు ఒక పక్కకు కుంగిపోయింది. వేడికి ఓర్చే ఇటుకలు తెచ్చి కొత్తగా కప్పు కట్టించకపోతే ఏదో ఒకరోజు అది కూలి మంటలో పడుతుంది, దాంతో కార్ఖానా కథ ముగుస్తుంది. బ్యాంకు వాళ్ళు ప్లాస్టిక్ సీసాల కాలంలో గాజుకు అప్పేమిటని నవ్వి పంపేశారు. పనివాళ్ళు ఇంకోచోట చూసుకుంటారు, తానూ ఎలాగో బతుకుతుంది. ఆమె బెంగంతా అన్నయ్య గురించే. వదిన కిందటి చలికాలంలో పోయింది. పిల్లల్లేరు. ఆయనకు పొద్దున లేవడానికి ఆ కొలిమి తప్ప ఇంకో కారణం లేదు. కొలిమి ఆరిపోతే అన్నయ్య ఏమైపోతాడన్న ఆలోచన వస్తేనే ఆమె లేచి ఇంకో బ్యాంకుకు ఫోన్ చేసేది.

అందుకే దళారిని ఎంతో మర్యాదగా పెరట్లోకి తీసుకెళ్ళి చిమ్నీ చూపించింది. చూస్తూ చూస్తూ వాడు చిమ్నీ మొదట్లో ఉన్న పెద్ద రేకు పెట్టె దగ్గర ఆగిపోయాడు.

“ఇదేంటక్కా?”

“వడపోత. లోపల సంచులుంటాయి. మసీ దుమ్మూ వాటిలో పడిపోతాయి. అందుకే చూడండి, మా చిమ్నీలోంచి పొగ వస్తోందో లేదో కూడా తెలీదు,” అంది ఆమె గొప్పగా.

“ఎప్పుడు పెట్టారు?”

“రెండేళ్ళు దాటింది.”

దళారి అక్కడే ఉన్న ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. “కొంప ముంచారు కదక్కా! గడిచిన రెండేళ్ళలో మీరెంత పొగ వదిలారో చూసి, దరఖాస్తు పెట్టాక అందులోంచి ఎంత తగ్గిస్తే అంతకే క్రెడిట్లు. మీరేమో ఎవరూ అడక్కుండానే తగ్గించి కూర్చున్నారు. ఇంక తగ్గించడానికి ఏముంది? ఆ రెండేళ్ళూ హాయిగా నల్లగా వదిలుంటే ఇవాళ మీ పంట పండేది.”

“మంచి చేసినందుకా ఈ శిక్ష?”

“శిక్షేం లేదు. అలాగని బహుమతీ లేదు. ముందే చేసేసిన మంచి లెక్కలోకి రాదు, అంతే.”

లెక్క కోసం చేసిన పని కాదది. కార్ఖానా వెనకే అన్నయ్య ఇల్లు. చిమ్నీ పొగ గాలివాటుకు సరాసరి ఆ ఇంటి పెరట్లో దిగేది. వదినకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఎగశ్వాస వచ్చే రోజుల్లో, డాక్టరు ఇల్లు మారమన్నాడు. వదిన మారనంది. మంట దగ్గర్నుంచి కదలని మొగుణ్ణి వదిలి తానొక్కతే వెళ్ళి ఏం చేసుకోవాలి గాలిని? అప్పుడు మంటయ్య మూతపడ్డ పిండిమిల్లు నుంచి ఆ రేకు పెట్టెను పాత సామాను కింద కొని లారీలో వేయించుకొచ్చాడు. వేడి పొగకు సంచులు కాలిపోకుండా చుట్టూ నీళ్ళు తిరిగే గొట్టం తానే అతికించాడు. ఏ ఆఫీసుకూ చెప్పలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. పెళ్ళాం దగ్గుతుంటే కిటికీ మూయడానికి ఎవరైనా అర్జీ పెట్టుకుంటారా? ఆయనకు అది అలాంటి పనే. ఆ తర్వాత వదిన వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. జబ్బు తగ్గలేదు, తగ్గుతుందని ఎవరూ అనుకోనూ లేదు. కానీ పొద్దుటి పూట ఆ గుమ్మంలో ఆమె ముఖం తేటగా ఉండేది.

దళారి చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. “కాగితాల్లేవు, బిల్లు లేదు, అనుమతి లేదు. అంటే ఈ పెట్టె ఉందని మీకు తప్ప ఎవరికీ తెలీదు. విప్పేయండి. కొన్నాళ్ళు పొగ వదలండి. గాలి ఆఫీసు వాళ్ళొచ్చి కొలిచి, రెండేళ్ళూ అంతే వదిలారని రాసుకుపోతారు. తర్వాత దీనికి రంగేసి మళ్ళీ తగిలించండి, కొత్తగా పెట్టామని చెప్పండి. ఎవరికి నష్టం?”

ఎవరికీ నష్టం లేదనే ఆఫీసక్కకు కూడా అనిపించింది. అబద్ధమే, కాదనలేదు. పొగ తగ్గించిన మాట నిజం, ఒక్క తేదీయే అబద్ధం. తేదీ ఒకటి ఇటు జరిపితే అన్నయ్య బతుకు నిలబడుతుందంటే ఆమె క్యాలెండర్ మొత్తాన్ని చింపి పోగులు పెట్టడానికి సిద్ధంగా ఉంది.

అన్నయ్య కొలిమి ముందు నిలబడి ఉండగా వెళ్ళి అంతా చెప్పింది. ఆయన మంటలోకే చూస్తూ విన్నాడు.

“కొలిమి ఉంటుందా?”

“ఉంటుంది.”

“పైకప్పు కట్టిస్తావా?”

“ముందు కట్టించేది అదే.”

“సరే చెల్లీ. నీకెలా తోస్తే అలా చెయ్యి.”

వడపోతను విప్పారు. విప్పిన రోజున చిమ్నీ మీద ఎప్పుడో మరిచిపోయిన నల్లటి పొగ లేచింది. పెరట్లో ఆరేసిన గుడ్డల మీద, గోడల మీద, పనివాళ్ళ సైకిళ్ళ సీట్ల మీద మసి పేరుకుంది. ఆఫీసక్క వెనక్కి వెళ్ళి చూస్తే అన్నయ్య తన ఇంటి కిటికీలన్నీ ఒక్కొక్కటే మూస్తున్నాడు. తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కుతున్నాడు.

“లోపల ఎవరున్నారని అన్నయ్యా?”

ఆయన గుడ్డ పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. “అవును కదా,” అన్నాడు. అయినా గుడ్డ తియ్యలేదు.

దరఖాస్తు పెట్టాక గాలి ఆఫీసు వాళ్ళు ఒకరోజు వచ్చి చిమ్నీలో గొట్టం పెట్టి కొలుచుకున్నారు. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు వడపోతకు ఆకుపచ్చ రంగు కొట్టి మళ్ళీ బిగించారు. పొగ ఆగిపోయింది. ఇక మిగిలింది పెద్ద అధికారి వచ్చి చూసి, నాలుగు ప్రశ్నలడిగి, సంతకం పెట్టడమే. ఆఫీసక్క అప్పుడే ఇటుకల వాళ్ళకు ఫోన్ చేసి ధరలు కూడా కనుక్కుంది.

పెద్ద అధికారి అంటే ఏ మీసాల ఆయనో వస్తాడనుకుంటే, ఆఫీసక్కకు కూతురు కాగల వయసు అమ్మాయి వచ్చింది. చెప్పులకు మసి అంటినా పట్టించుకోకుండా పెరడంతా తిరిగింది. నెమ్మదైన పిల్ల, ఎవరినీ చులకన చెయ్యకుండా మాట్లాడింది. ప్రశ్నలకు ఆఫీసక్క గబగబా జవాబులు చెప్పబోతే ఆపింది.

“మీరు కాదమ్మా. కొలిమి నడిపేవారే చెప్పాలి, అది రూలు. పెద్దాయనా, ఈ వడపోత ఎప్పుడు పెట్టారు?”

మంటయ్య చెల్లెలి వైపు చూశాడు. “ఈమధ్యనేనండీ. దరఖాస్తు పెట్టాక.”

ఆఫీసక్క ఊపిరి పీల్చుకుంది. ఆ మనిషి జన్మలో అబద్ధమాడి ఎరగడు, ఆడేశాడు, గండం గడిచింది అనుకుంది.

అమ్మాయి రాసుకుంటూ వెనక ఇంటి వైపు చూసింది. చిమ్నీకి దగ్గర్లో మనుషులుంటే ఆ సంగతి కూడా రాయాలట. “ఆ ఇంట్లో ఎవరుంటారు?”

“నేనేనండీ.”

“మీరొక్కరేనా?”

“ఇప్పుడొక్కణ్ణే. మా ఆవిడ కిందటి చలికాలంలో పోయింది. ఊపిరితిత్తుల జబ్బు.”

కలం ఆగింది. అమ్మాయి ఒకసారి చిమ్నీని చూసింది, ఆ కొన్నాళ్ళకే నల్లబడ్డ గోడను చూసింది, గోడ పక్కనే ఉన్న వెనక గుమ్మాన్ని చూసింది. తప్పు పట్టాలని కాదు, జాలిపడి అడిగింది పాపం. “అయ్యో! అంత జబ్బు మనిషి చివరిదాకా ఈ పొగలోనే ఉన్నారా పెద్దాయనా?”

మంటయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వెనక గుమ్మం వైపు తిరిగాడు. ఆఫీసక్క మనసులోనే మొక్కుకుంది: అన్నయ్యా, ఊఁ అను, ఒక్క ఊఁ చాలు.

“లేదమ్మా,” అన్నాడు ఆయన. “పొగలో లేదు. నేనుంచలేదు. ఈ పెట్టె రెండేళ్ళ కిందటే పెట్టాను. ఆవిడ కోసమే పెట్టాను. మొన్న విప్పి మళ్ళీ బిగించాం.”

“పెద్దాయనా, మీరీ మాటంటే నేను రాసుకోవాల్సి వస్తుంది. మీ క్రెడిట్లు పోతాయి.”

“రాసుకోండమ్మా.”

అమ్మాయి కలం మూసి, ఆఫీసక్కతో పక్కకు వచ్చి చెప్పింది. “మీరే దరఖాస్తు వెనక్కి తీసుకోండి. నేనింకేమీ రాయను. నేను చేయగలిగింది ఇంతే.”

ఆమె కారు వీధి మలుపు తిరిగిందో లేదో ఆఫీసక్క అన్నయ్య మీద విరుచుకుపడింది. చిన్నప్పటి నుంచీ పల్లెత్తు మాట అనని చెల్లెలు ఆ రోజు నోటికొచ్చిందల్లా అంది. “ఒక్క మాట అన్నయ్యా! ఒక్క మాట కడుపులో దాచుకోలేకపోయావా? నేను కాళ్ళరిగేలా తిరిగింది ఎవరి కోసం? చనిపోయిన మనిషికి ఏ తేదీ అయితే ఏంటి? వదిన వచ్చి అడుగుతుందా?”

మంటయ్య వెనక గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన నవ్వకపోవడం ఆమె మొదటిసారి చూసింది.

“నేనావిడకి ఏం చేశాను చెల్లీ? ఒక నగ కొన్లేదు. ఒక ఊరు తిప్పలేదు. ఆస్పత్రికి కూడా నువ్వే తీసుకెళ్ళేదానివి, నేను కొలిమి వదిలి రాలేనని. ఇక్కడే కూర్చుని మీ వదిన అనేది, నాకోసం పొగని కట్టేశావయ్యా అని. ఇరుగుపొరుగు వాళ్ళు వస్తే వాళ్ళకీ చెప్పేది. జన్మంతటికీ నేను చేసింది అదొక్కటే. అదీ చెయ్యలేదని నా నోటితో చెప్పమంటావా? ఆఖరి రోజు దాకా ఆవిణ్ణి పొగలో కూర్చోబెట్టానని?”

ఆఫీసక్క వెనుదిరిగి ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన చెప్పింది అర్థం కాక కాదు. అర్థమయ్యాక కూడా కోపం పోలేదు, అదీ సంగతి. చచ్చిపోయిన వదిన మీద కూడా కోపం వచ్చింది, ఆ కోపానికి సిగ్గూ వేసింది. చాలా రోజులు అన్నయ్యతో ముభావంగానే ఉంది.

పైకప్పు ఎంతో కాలం ఆగలేదు. ఒక మధ్యాహ్నం మూల ఇటుకలు జారి కరిగిన గాజులో పడ్డాయి. ఇక దారి లేదు. ఆ సంగతి ఎలా తెలిసిందో దళారికి తెలిసింది, వచ్చి చావుకబురు చల్లగా చెప్పాడు: కొలిమిని పూర్తిగా మూసేస్తే మిగిలిన కాస్త పొగకైనా క్రెడిట్లొస్తాయి, పనివాళ్ళను ఉత్త చేతులతో పంపకుండా గౌరవంగా పంపొచ్చు. కాకపోతే ఇంకెప్పటికీ వెలగదని ఆఫీసు వాళ్ళ కళ్ళముందే చూపించాలి. కొలిమికి నూనె అందించే గొట్టాలు కోసేయాలి, కోసిన చోట ఇనుపరేకు వేసి అతికేయాలి. ఆఫీసక్క ఈసారి అన్నయ్యను అడగలేకపోయింది. ఆయనే అన్నాడు, “కోత నేను కోస్తాను. వేరేవాళ్ళ చెయ్యి పడనివ్వకు,” అని.

ఆయన మంటను ఒక్కసారిగా ఆర్పలేదు. రోజుకు కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చాడు. చివరి రోజున ఆ అమ్మాయి అధికారే వచ్చి దూరంగా నిలబడింది. మంటయ్య గొట్టం కోసి, రేకు అతికి, తుడిచి, పక్కకు తప్పుకున్నాడు. ఆ కార్ఖానాలో పుట్టి పెరిగిన ఆఫీసక్క అక్కడ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఏనాడూ వినలేదు. పనివాళ్ళు ఎవరి బట్టలు వాళ్ళు సర్దుకుని, మంటయ్య చేతులు పట్టుకుని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చల్లారే ఇటుకలు లోపల పగులుతున్న చప్పుడు ఆ తర్వాత రెండు మూడు రోజులు వినిపించింది. అది ఆగిపోయేదాకా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు.

ఆమె ఆయన్ను తన ఇంటికి తెచ్చుకుంది. తిండి పెడితే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. ఆమె వంట చేస్తుంటే వచ్చి స్టవ్వు పక్కన నిలబడి మంటను కాస్త పెంచేవాడు, కాస్త తగ్గించేవాడు. టీ పొంగిపోయేది. ఆమె ఏమనగలదు? పొంగింది తుడుచుకుని మళ్ళీ పెట్టేది.

ఊరవతల కొత్త కంపెనీ తెరిచారు. ఆ తర్వాత ఆయన పొద్దున్నే బయటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. కాళ్ళు సాగుతాయిలే, మంచిదేననుకుంది ఆమె. ఒకరోజు వానలో తడిసి ముద్దయి వచ్చాక అనుమానం వచ్చి, మర్నాడు ఆయన ఎక్కిన బస్సే తానూ వెనక తలుపు నుంచి ఎక్కింది.

ఆయన కొత్త కంపెనీ దగ్గర దిగి, గేటుకు ఎదురుగా రోడ్డు పక్కన నిలబడ్డాడు. గేటు కాపలావాడు ఆఫీసక్కను చూసి దగ్గరికొచ్చాడు. “మీవాళ్ళేనా అమ్మా? రోజూ వస్తాడు. ఉద్యోగమా అంటే కాదంటాడు. ఎవరైనా ఉన్నారా లోపల అంటే లేరంటాడు. ఆ చిమ్నీ వంక చూసి చూసి వెళ్ళిపోతాడు.”

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఆయన తల తిప్పలేదు గానీ వచ్చింది తనేనని తెలుసుకున్నట్టే మాట్లాడాడు.

“ఇది మనం అమ్మిందే కదా చెల్లీ?”

“మనదొక్కటే కాదన్నయ్యా. చాలామంది దగ్గర కొన్నారు.”

“మనది ఉంది కదా ఇందులో?”

“ఉంది.”

“మరి మీ వదిన కోసం ఆపింది?”

ఆ పొగను ఏ ఆఫీసూ లెక్క కట్టలేదు, ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. “లేదన్నయ్యా. అది ఇందులో లేదు.”

“ఇంకెక్కడైనా ఉందా?”

“ఎక్కడా లేదు.”

ఆయన తల ఊపాడు. “తెలుసు. ఉండకూడదనేగా ఆపింది.” చిమ్నీ మీంచి చూపు తిప్పకుండానే మళ్ళీ అన్నాడు. “కొలిమిని చూడాలనిపిస్తే ఇక్కడికొచ్చి ఈ పొగ చూసిపోతున్నాను. ఆవిణ్ణి చూడాలనిపిస్తే ఎటు చూడాలో తెలియట్లేదు చెల్లీ.”

ఆఫీసక్క ఆయన చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్న కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు. తిరుగు బస్సు వచ్చేదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చారు.